పారామీటరైజ్డ్ యూనిట్ టెస్టులు: ఎక్కడ వాడాలి, ఏ రకం ఎంచుకోవాలి

నెల్లూరు జిల్లాలో కూర్చుని ప్రోగ్రాములు రాసేవాళ్లంతా హైదరాబాద్, బెంగళూరు కంపెనీల పనే చేస్తున్నారనుకోవద్దు. రైస్ మిల్లు ఖాతాలు, రొయ్యల కొనుగోలు బిల్లులు, గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల లెక్కలు, ఒంగోలు వైపు వెళితే చీమకుర్తి గ్రానైట్ కొలతలు, పొగాకు బేళ్లు, వీటన్నిటికీ ఎవరో ఒకరు సాఫ్ట్‌వేర్ రాయాలి. ఈ పనుల్లో ఫంక్షన్ చిన్నదే ఉంటుంది, దానికి వచ్చే అంకెలు మాత్రం రకరకాలు. ఆ ఫంక్షన్ సరైన జవాబిస్తోందో లేదో చూసే చిన్న కోడే యూనిట్ టెస్ట్. ఒకే టెస్ట్ రాసి, లోపలికి వెళ్లే విలువలూ రావాల్సిన జవాబులూ పట్టీగా ఇచ్చే పద్ధతి సరిగ్గా ఇలాంటి చోట్లకే పనికొస్తుంది. దానినే పారామీటరైజ్డ్ టెస్ట్ అంటున్నాం. అయితే పట్టీ ఎక్కడ పెట్టాలి, లూప్ చాలదా, అసలు విడివిడిగా రాస్తే పోదా అన్న ప్రశ్నలకు ఒకటే జవాబు లేదు.

ఎంచుకోవడానికి నేను చూసే కొలత ఒక్కటే. టెస్ట్ ఫెయిలైనప్పుడు, ఆ కోడ్ రాయని మనిషి స్క్రీన్ మీద ఎర్ర లైను చూసి ఏ కేసు తప్పిందో, ఎంత రావాల్సింది ఎంత వచ్చిందో అక్కడికక్కడే చెప్పగలగాలి. అది కుదిరే పద్ధతి మంచిది. టైపింగ్ ఎంత తగ్గిందన్నది ఆ తర్వాత.

ముందుగా ఒక లెక్క

రొయ్యల రేటు ఫంక్షన్ తీసుకుందాం. కౌంటు ఇస్తే కిలో రేటు చెప్పాలి. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 30 కౌంటంటే పెద్ద రొయ్య, రేటెక్కువ. 100 కౌంటంటే చిన్నది, రేటు తక్కువ. రేట్ల కాగితంలో 30, 40, 50 అని పదుల్లో రాసుంటుంది. పట్టుబడి రోజు గుంట గట్టున శాంపిల్ తీసి లెక్కపెడితే 43 వస్తుంది, 47 వస్తుంది. కొనుగోలుదారు దగ్గర పనిచేసే గుమాస్తా మొదట అడిగేది కూడా అదే: "అన్నా, 45 వస్తే యే రేటు కడతాది మీ సాఫ్ట్‌వేరు?"

లెక్క కోసం 40 కౌంటుకు 420 రూపాయలు, 50 కౌంటుకు 370 అనుకుందాం. ఇవి నేను వేసుకున్న అంకెలు, మార్కెట్ రేట్లు కావు. మధ్యలో ఒక్కో కౌంటుకు 5 రూపాయలు తగ్గించుకుంటూ పోవాలన్నది ఒక నియమం. 40 దాటితే చాలు 50 రేటే కట్టాలన్నది ఇంకో నియమం. మొదటి నియమానికి పట్టీ ఇలా ఉంటుంది:

కౌంటు 40 → 420
కౌంటు 41 → 415
కౌంటు 45 → 395
కౌంటు 49 → 375
కౌంటు 50 → 370

రెండో నియమంలో 40కి 420, 41కీ 50కీ 370, 51కి తర్వాతి మెట్టు రేటు రావాలి. ఏ కేసులు పెట్టాలో నియమమే చెబుతుంది. మెట్ల నియమమైతే అంచుల దగ్గరే తప్పులు జరుగుతాయి కాబట్టి 40, 41, 50, 51 తప్పనిసరి. 45, 46, 47 అని వరుసగా నింపినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు. కౌంటుకు ఇంతని తగ్గించే నియమంలో అంచులతో పాటు మధ్యలో ఒకటి రెండు కావాలి. ఇక రేట్ల కాగితంలోనే లేని 25 కౌంటు, 120 కౌంటు సంగతి గుమాస్తాని అడగాల్సిందే. ప్రోగ్రామరు ఊహించి రాయకూడదు.

విడివిడి టెస్టులు

రెండు మూడు కేసులే ఉండి, అవి ఎప్పటికీ మారనివైతే విడివిడిగానే రాయండి. మన జిల్లాలో వడ్ల పుట్టి అంటే 850 కిలోలు. పుట్టిని కిలోల్లోకి మార్చే ఫంక్షన్‌కి సున్నా పుట్టి, అర పుట్టికి 425, రెండున్నర పుట్లకు 2,125, ఈ మూడు చాలు. ఒక్కో టెస్ట్‌కి చక్కని పేరు పెడితే పట్టీ లేకుండానే చదువుకోవచ్చు. కేసుకీ కేసుకీ ముందు చేయాల్సిన ఏర్పాట్లు వేరైనా విడివిడిగా రాయడమే మేలు.

ఇబ్బంది ఎక్కడంటే, నాలుగో కేసు కోసం మూడోదాన్ని కాపీ చేసి అంకె మార్చినప్పుడు. అలా పదిహేను పోగైతే ఒకదానిలో పేరు మారదు, ఒకదానిలో జవాబు మారదు. రివ్యూ చేసేవాడు ఒకే రకం పేజీలు చూసి చూసి కళ్లు అలిసి సరేననేస్తాడు.

టెస్ట్ లోపల ఫర్ లూప్

చాలామంది మొదట చేసేది ఇదే. జాబితా రాసి, లూప్ తిప్పి, లోపల అసర్ట్ (జవాబు సరిపోయిందా అని చూసే లైను) పెడతారు. చూడటానికి బాగుంటుంది, కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. అయినా నేను వద్దంటాను, రెండు కారణాలకు.

మొదటిది, తొలి తప్పు దగ్గరే టెస్ట్ ఆగిపోతుంది. 41 దగ్గర ఫెయిలైతే 45, 49 సంగతి తెలియదు. మూడూ ఫెయిలైతే తీసివేత తప్పని వెంటనే అర్థమయ్యేది. 41 ఒక్కటే ఫెయిలైతే అంచు దగ్గర తప్పని తెలిసేది. లూప్ ఆ తేడా చెప్పకుండా దాచేస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం. ఏ కారణం చేతనో జాబితా ఖాళీగా వస్తే లూప్ ఒక్కసారి కూడా తిరగదు, టెస్ట్ మాత్రం పచ్చగా పాసవుతుంది. ఫైల్ నుంచి వరుసలు చదివే చోట ఇది జరగడానికి ఎంతోసేపు పట్టదు.

లూప్ వదులుకోలేనివాళ్లకు మధ్యేమార్గం ఉంది. పైథాన్ యూనిట్‌టెస్ట్‌లో సబ్‌టెస్ట్ అనేది 2014లో 3.4 వెర్షన్‌తో వచ్చింది. లూప్‌లో ఒక్కో కేసును దాని లోపల పెడితే, ఒకటి ఫెయిలైనా మిగిలినవి నడుస్తాయి. గో భాషలో ఈ పద్ధతే రివాజు. స్ట్రక్ట్‌ల (ఒక కేసు విలువలన్నీ కలిపి ఉంచే కట్టల) పట్టీ రాసి, లూప్‌లో టీ డాట్ రన్ పిలవడం. 2016లో గో 1.7తో వచ్చిన ఈ సౌకర్యం వల్ల ప్రతి వరుసకూ సొంత పేరుంటుంది, కావాలంటే ఒక్కదాన్నే నడిపించుకోవచ్చు. గోలో రాసేవాళ్లు ఇంకేదో వెతుక్కోవాల్సిన పని లేదు.

కాకపోతే గోలో ఒక పాత గుంట ఉంది. టెస్టులు త్వరగా అయిపోవాలని సబ్‌టెస్టులను ప్యారలల్‌గా, అంటే అన్నీ ఒకేసారి నడిపితే, లూప్ చర రాశి అన్నిటికీ ఒకటే కావడంతో, ప్రతి సబ్‌టెస్టూ పట్టీలోని చివరి వరుసనే పరీక్షించేది. పేర్లు చూస్తే అన్నీ వేర్వేరు, అన్నీ పాస్. లోపల నడిచింది ఒకటే కేసు. 2024లో వచ్చిన గో 1.22 దీన్ని సరిచేసింది. మీ ప్రాజెక్ట్ మాడ్యూల్ ఫైల్‌లో అంతకంటే పాత వెర్షన్ రాసి ఉంటే మాత్రం, కొత్త కంపైలర్ వాడినా పాత పద్ధతే నడుస్తుంది. గో ప్రాజెక్ట్ ఉన్నవాళ్లు ముందు ఆ ఒక్క లైను తెరిచి చూసుకోండి.

ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే పద్ధతి

కేసులు నాలుగు దాటి, అన్నిటికీ టెస్ట్ ఒళ్లు ఒకటే అయితే, టెస్టులు నడిపే ఫ్రేమ్‌వర్క్ (పైటెస్ట్, జేయూనిట్ లాంటివి) ఇచ్చే పద్ధతికే నా ఓటు. ప్రతి వరుసా వేరే టెస్ట్‌గా లెక్కకొస్తుంది, వేరుగా ఫెయిలవుతుంది, రిపోర్ట్‌లో వేరుగా కనిపిస్తుంది.

పైథాన్‌లో పైటెస్ట్ వారి పారామెట్రైజ్ డెకరేటర్ (టెస్ట్ పైన రాసే లైను) అన్నిటికంటే తేలిక. అంకెలు, స్ట్రింగులు ఇస్తే వాటినే చేర్చి కేసుకు పేరు పెడుతుంది కాబట్టి 45, 395 వరుస ఫెయిలైతే ఆ రెండు అంకెలూ రిపోర్ట్‌లో కనబడతాయి. బిల్లు లాంటి ఆబ్జెక్ట్‌లు ఇస్తే మాత్రం బిల్0, బిల్1 అని పేర్లొస్తాయి, వాటి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అప్పుడు ప్రతి వరుసకూ ఐడీ మనమే రాయాలి. "40 అంచు", "పట్టీకి పైన" లాంటి పేరు చాలు. చివరిసారి ఫెయిలైనవే మళ్లీ నడిపే సౌకర్యం కూడా వరుసల లెక్కన పనిచేస్తుంది.

పైటెస్ట్‌లో రెండు సంగతులు గుర్తుంచుకోండి. వరుసల జాబితా ఖాళీగా ఉంటే అది ఫెయిల్ కాదు, స్కిప్ అవుతుంది. సెట్టింగ్ మార్చి దాన్ని ఫెయిల్‌గా చేయొచ్చు, మార్చమనే నా సలహా. రెండోది, మనమిచ్చిన విలువలను పైటెస్ట్ కాపీ చేయదు. ఒక టెస్ట్ ఆ జాబితాలోకి ఏదైనా చేర్చితే, అదే జాబితా పంచుకునే తర్వాతి టెస్ట్‌కి మారిపోయిన సరుకు వెళుతుంది. ఒంటరిగా నడిపితే పాస్, అన్నీ కలిపి నడిపితే ఫెయిల్ అనే టెన్షన్ చాలాసార్లు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

జావాలో జేయూనిట్ 4 వాడుతున్నవాళ్లకు ఇది కష్టంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. అందులో పారామీటర్లు క్లాస్ మొత్తానికి వర్తిస్తాయి, ఆ క్లాస్‌లో ఉన్న ప్రతి టెస్టూ ప్రతి వరుసకూ నడుస్తుంది. 2017లో జేయూనిట్ 5 వచ్చాక ఒక్కో మెథడ్‌కి విడిగా పట్టీ ఇవ్వగలుగుతున్నాం. ఒకే విలువైతే వ్యాల్యూ సోర్స్, ఈనమ్ (ముందే నిర్ణయించిన విలువల జాబితా) అయితే ఈనమ్ సోర్స్, రెండు మూడు నిలువు వరుసలుంటే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టీ) సోర్స్, ఆబ్జెక్ట్‌లు కట్టాల్సి వస్తే మెథడ్ సోర్స్. బిల్లింగ్ పనికి సీఎస్‌వీ సోర్స్ బాగా కుదురుతుంది, ఎందుకంటే అందులో స్ట్రింగ్‌గా రాసిన 395.50ని అదే బిగ్‌డెసిమల్‌గా (దశాంశాలను ఉన్నవి ఉన్నట్టు దాచే రకంగా) మార్చి ఇస్తుంది. ఖాళీల దగ్గర మాత్రం జాగ్రత్త. ఏమీ రాయకుండా వదిలేస్తే నల్ (అసలు విలువే లేదని) వస్తుంది, కోట్లు పెట్టి ఖాళీగా ఉంచితే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. రైతు పేరు రాయని బిల్లును పరీక్షించేటప్పుడు ఈ రెండూ వేర్వేరు కేసులు.

సీ షార్ప్‌లో డబ్బు లెక్కలకు ప్రత్యేకమైన చిక్కుంది. ఆ భాషలో యాట్రిబ్యూట్‌కి (టెస్ట్ పైన రాసే గుర్తుకు) డెసిమల్ విలువ ఇవ్వడం కుదరదు, కాబట్టి ఎక్స్‌యూనిట్ ఇన్‌లైన్ డేటాలో నేరుగా రేట్లు రాయలేం. డబుల్‌గా (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకంగా) రాసి సర్దుకుపోయేకంటే, వరుసలను వేరే చోటి నుంచి తెచ్చే మెంబర్ డేటాకి వెళ్లండి. పీహెచ్‌పీ వాళ్లకు డేటా ప్రొవైడర్ ఉంది. ప్రతి వరుసకూ కీగా ఒక పేరు ఇస్తే అదే ఫెయిల్ మెసేజ్‌లో వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో జెస్ట్ వాళ్ల టెస్ట్ ఈచ్ సరిపోతుంది.

ఒక వరుస చాలక రెండు కావాల్సిన చోటు

పట్టీలో ఏ కేసులున్నాయన్నది ఎందుకింత పట్టించుకోవాలో ఒక బిల్లుతో చూపిస్తాను. రేటు 395, తూకం 127.3 కిలోలు. మొత్తం 50,283.50. రూపాయికి సర్దితే 50,284. ఈ వరుస పట్టీలో పెట్టి, పైథాన్‌లో డెసిమల్ విలువ మీద మామూలు రౌండ్ ఫంక్షన్ నడిపితే 50,284 వస్తుంది, టెస్ట్ పాస్.

ఇప్పుడు తూకం 120.3 అనుకోండి. మొత్తం 47,518.50. గుమాస్తా 47,519 రాస్తాడు. పైథాన్ 47,518 ఇస్తుంది. సరిగ్గా అర రూపాయి దగ్గర ఆ ఫంక్షన్ దగ్గరి సరి సంఖ్యకు సర్దుతుంది, ఎప్పుడూ పైకి కాదు. 50,283 బేసి కాబట్టి మొదటి వరుసలో రెండు పద్ధతులూ ఒకే జవాబిచ్చాయి. 47,518 సరి కాబట్టి రెండో వరుసలో విడిపోయాయి. జావాలో మ్యాథ్ రౌండ్ ఇదే మొత్తాన్ని 47,519 చేస్తుంది. ఒక భాష నుంచి ఇంకో భాషకు మారిన ప్రాజెక్టుల్లో ఇది గుర్తుపట్టడం చాలా కష్టం. ఆ రూపాయి రైతుది. అందుకే సర్దుబాటు ఉన్న ప్రతి ఫంక్షన్‌కీ అర రూపాయి కేసులు రెండు రకాలూ, బేసి మీదొకటి, సరి మీదొకటి, పట్టీలో ఉండాలి.

ఇక్కడే ఇంకో మాట. రావాల్సిన జవాబును టెస్ట్‌లో మళ్లీ అదే సూత్రంతో లెక్కకట్టి పెట్టకండి. కోడ్‌లోని తప్పే టెస్ట్‌లోనూ ఉంటుంది, రెండూ సరిపోతాయి. 47,519 అని చేత్తో రాసిన అంకె ఉండాలి.

పట్టీ కోడ్‌లోనా, ఫైల్‌లోనా

వరుసలు ఎవరు మారుస్తారన్నది చూసి తేల్చుకోండి. మార్చేది ప్రోగ్రామరే అయితే టెస్ట్ పక్కనే, కోడ్‌లోనే ఉంచండి. రివ్యూలో నియమమూ కేసులూ ఒకే చోట కనిపిస్తాయి.

నియమం తెలిసినవాడు గుమాస్తా అయి, కేసులు ఆయన ఎక్సెల్‌లోనే పుడుతుంటే, సీఎస్‌వీ ఫైల్ పెట్టడంలో అర్థముంది. ఆయన వేసిన పాత బిల్లుల్లోంచి యాభై వరుసలు తెచ్చి పెడితే, మనం కూర్చుని కల్పించిన కేసులకంటే అవి గట్టివి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి పెట్టండి. ఎక్సెల్ కొన్ని ఇబ్బందులు మాత్రం తెస్తుంది. 3-4 అని రాస్తే తేదీ చేసేస్తుంది. లాట్ నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఊరి పేర్లు తెలుగులో ఉన్న షీట్‌ని మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేయాలి. అలా చేసినప్పుడు ఫైల్ మొదట్లో కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరుతుంది, చదివే కోడ్ దాన్ని తీసేయకపోతే మొదటి నిలువు వరుస పేరు సరిపోలదు. ఫైల్ ఖాళీగా ఉంటే ఫెయిల్ చేసే చిన్న టెస్ట్ ఒకటి విడిగా రాసుకోండి.

జేసన్, యామల్ ఫైళ్లు పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, కానీ గుమాస్తా వాటిని తెరవడు, ప్రోగ్రామర్‌కి కోడ్‌లో ఉండటమే సుఖం. నాకు వాటి అవసరం పెద్దగా కనిపించదు.

కేసులు యంత్రమే పుట్టిస్తే

ప్రాపర్టీ ఆధారిత టెస్టులని ఇంకో దారి ఉంది. 2000లో క్లాసెన్, హ్యూస్ హాస్కెల్ భాషకు పరిచయం చేసిన క్విక్‌చెక్ దీనికి మూలం. పైథాన్‌లో హైపోథిసిస్, జావాలో జేక్విక్, జావాస్క్రిప్ట్‌లో ఫాస్ట్‌చెక్ ఆ దారిలో వచ్చినవే. ఇందులో మనం జవాబులు రాయం, ఎప్పుడూ నిజం కావాల్సిన మాట ఒకటి రాస్తాం. కౌంటు పెరిగేకొద్దీ రేటు పెరగకూడదు. గ్రానైట్ దిమ్మెకు తరుగు తీశాక మిగిలే నికర కొలత మొత్తం కొలతను మించకూడదు. ఇక విలువలు లైబ్రరీయే పుట్టించి, తప్పు దొరికితే దాన్ని వీలైనంత చిన్న కేసుకు కుదించి చూపిస్తుంది.

ఇది పట్టీకి బదులు కాదు. కౌంటు పెరిగితే రేటు పెరగలేదన్నంత మాత్రాన 45కి 395 కట్టినట్టు కాదు, అన్ని కౌంట్లకూ 200 కట్టినా ఆ మాట నిజమే. పట్టీ రాశాక, మనకు తట్టని మూలలు వెతకడానికి దీన్ని పక్కన పెట్టుకోండి. అది పట్టి ఇచ్చిన కేసును తీసుకొచ్చి పట్టీలో ఒక వరుసగా రాయండి, అప్పుడు ప్రతిసారీ నడుస్తుంది.

పట్టీ వద్దనిపించే గుర్తులు

టెస్ట్ ఒంట్లో ఇఫ్ కనిపిస్తే ఆగండి. "తప్పు రావాలా" అని ఒక నిలువు వరుస పెట్టి, అది నిజమైతే ఎక్సెప్షన్ చూడు, కాకపోతే రేటు చూడు అని రాస్తే, రెండు టెస్టులను ఒకటిగా కుట్టినట్టే. కౌంటు సున్నా, మైనస్ 5 లాంటివి వేరే టెస్ట్‌లో, వేరే పట్టీలో ఉండాలి. కొనుగోలుదారుల నియమాలు రెండున్నా పట్టీలు రెండే.

నిలువు వరుసలు ఐదారు దాటితే ఏ అంకె దేనిదో చదివేవాడికి తెలియదు. ఫంక్షనే ఎక్కువ పనులు చేస్తోందేమో చూడండి. అలాగే పైటెస్ట్‌లో డెకరేటర్ల మీద డెకరేటర్లు పెడితే అన్ని కలయికలూ నడుస్తాయి. 12 కౌంట్లు, 4 కొనుగోలుదారులు, 3 రకాల తరుగు కలిపితే 144 టెస్టులు. వాటన్నిటికీ జవాబులు చేత్తో రాయలేరు కాబట్టి సూత్రం రాస్తారు, మళ్లీ పాత తప్పే.

ఉన్న ప్రాజెక్ట్‌ని మార్చాలనుకుంటే

మొత్తం ఒకేసారి ముట్టుకోవద్దు. రోజూ మారే నియమాలున్న ఫంక్షన్‌తో మొదలుపెట్టండి, మా వైపైతే అది రేటు లెక్కే. పుట్టి లెక్క లాంటివి ఎలా ఉన్నాయో అలా ఉండనివ్వండి. జావాలో జేయూనిట్ 4 టెస్టులు బోలెడుంటే, జేయూనిట్ 5 వేదిక మీద వింటేజ్ ఇంజిన్‌తో పాతవి పాతవిగానే నడుస్తాయి, కొత్తవి కొత్త పద్ధతిలో రాసుకోవచ్చు. విడివిడి టెస్టులను పట్టీలోకి తెచ్చేటప్పుడు ఒక్కో వరుస చేర్చాక దాని జవాబును కావాలని తప్పుగా మార్చి ఒకసారి నడపండి. ఎర్రబడి, మీరు పెట్టిన పేరు రిపోర్ట్‌లో కనిపిస్తేనే జవాబు సరిచేసి పాత టెస్ట్ తీసేయండి.